కొత్త కాలేజీ, కొత్త క్రాపు

కాలేజీలో చేరబోయే కుర్రాడి క్రాపు ఖరీదు సెలూన్ కుర్చీలోంచి లేచి ఇచ్చే డబ్బుతో తేలదు. ఆ ఆకారం ఎన్ని వారాలు నిలుస్తుంది, నిలబెట్టడానికి ఎన్నిసార్లు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవాలి, రోజూ పొద్దున అద్దం ముందు ఎంతసేపు పడుతుంది అన్నవి కలిపితేనే అసలు లెక్క వస్తుంది. చెన్నైలో ఈ లెక్కకు ఉక్కపోత, బోరు నీళ్లు, హెల్మెట్, కళాశాల నిబంధనలు కూడా తోడవుతాయి. కాట్టాంకుళత్తూరు, కేళంబాక్కం, ఓఎంఆర్ వైపు విశ్వవిద్యాలయాల్లో ఏటా పెద్ద సంఖ్యలో చేరే తెలుగు కుర్రాళ్లకు భాష ఇంకొక చిక్కు. విజయవాడలోనో వరంగల్‌లోనో చిన్నప్పటి నుంచి తల చూసిన మంగలికి ఏమీ చెప్పనక్కర్లేదు. కొత్త ఊళ్లో ప్రతిదీ చెప్పుకోవాలి.

ముందు ధరలు. చెన్నైలో వీధి చివర ఉండే మామూలు సెలూన్‌లో కటింగ్ సుమారు 100 నుంచి 200 రూపాయలు. అద్దాలు, ఏసీ ఉన్న చోట 200 దాటుతుంది. పెద్ద గొలుసు సెలూన్లలో 300 నుంచి మొదలై, కత్తిరించే మనిషి హోదాను బట్టి పైకి పోతుంది. నేచురల్స్, గ్రీన్ ట్రెండ్స్ అనే రెండు పెద్ద గొలుసులూ చెన్నైలోనే పుట్టాయి కాబట్టి అవి లేని పేట నగరంలో అరుదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు దాటని చిన్న దుకాణం జీఎస్టీ నమోదే చేయించుకోనక్కర్లేదు, అక్కడ బిల్లు మీద పన్ను ఉండదు. సెలూన్ పని నేర్పే శిక్షణ కేంద్రాలు కొన్ని, నేర్చుకునేవాళ్ల చేత గురువు పర్యవేక్షణలో తక్కువ రుసుముకు కటింగ్ చేయిస్తాయి. ఓపిక ఉన్నవాడికి అది మంచి బేరమే. అయితే రేపే క్లాసులు మొదలయ్యేవాడు ఆ వైపు పోకపోవడం మేలు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. క్రాపు ఖర్చులో ఎక్కువ తక్కువలన్నీ ఈ ఒక్క అంకె మీదే నడుస్తాయి. చెవుల చుట్టూ చర్మం కనిపించేదాకా గీకి, పైకి పోయే కొద్దీ నలుపు చిక్కబడేలా చేసే స్కిన్ ఫేడ్‌నే తీసుకుంటే, రెండు వారాల్లో అర సెంటీమీటరు పెరిగేసరికి సున్నా నుంచి మొదలైన ఆ ఛాయ అంతా కలిసిపోతుంది. అదే అర సెంటీమీటరు ఏడు సెంటీమీటర్ల పైజుట్టులో కనిపించనే కనిపించదు. కటింగ్‌కు 180 రూపాయలనుకుంటే, రెండు వారాలకొకసారి ఫేడ్ చేయించేవాడికి ఏడాదికి 26 సార్లు, అంటే 4,680 రూపాయలు అవుతాయి. అదే దుకాణంలో ఐదు వారాలకొకసారి, పక్కలు మెల్లగా తగ్గించే మామూలు టేపర్ చేయించేవాడికి 1,800 చాలు. గొలుసు సెలూన్‌లో 400 ఇచ్చి, ఆరు వారాలు నిలిచే కటింగ్ చేయించేవాడికి కూడా 3,600 దగ్గర ఆగుతుంది. ఖరీదైన కుర్చీలో చేయించిన సాదా క్రాపు, చౌక కుర్చీలో చేయించిన ఆర్భాటపు క్రాపు కంటే ఏడాది చివర చౌకగా తేలుతుందన్న మాట. కుర్రాళ్లు ఎక్కువగా తప్పేది ఈ లెక్కలోనే.

తెర మీది తలలు

ఈ ఊళ్లో విద్యార్థి తల మీద పట్టింపు కొత్తది కాదు. 1914 మార్చి 17న ఓడెక్కి ఇంగ్లండుకు బయలుదేరే ముందు శ్రీనివాస రామానుజన్ పిలకను మద్రాసులోనే తీయించారు. అంతకుముందు పచ్చయ్యప్ప కళాశాలలో చదివినప్పుడు ఆయనది పిలకే. ఆ రోజుల్లో క్రాపు అంటే ఇంట్లో పెద్దలతో తగవు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ తగవు చల్లారి, ఎలాంటి క్రాపు అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు చెప్పే పని సినిమా స్టూడియోల పేట కోడంబాక్కం తీసుకుంది.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లూ ఆంధ్రదేశపు పాపిడిని అక్కడి మేకప్ గదులే తీర్చాయి. అక్కినేని నాగేశ్వరరావు ముందు పఫ్ కోసం ఊళ్లలో కుర్రాళ్లు కొబ్బరినూనె దట్టించి దువ్వెనతో కుస్తీ పట్టారు. లా చదువు కోసం మద్రాసు వచ్చి, స్టూడియోల చుట్టూ తిరిగి హీరో అయిన శోభన్ బాబు నుదుటి మీది రింగు ఎన్ని కాలేజీ గ్రూపు ఫోటోల్లో కనిపిస్తుందో చెప్పలేం. 1976లో మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన చిరంజీవి హీరోగా వెలిగిన కాలానికి చెవులు కప్పే స్టెప్ కటింగ్ వచ్చింది. 2003లో హిందీ ‘తేరే నామ్’ నడినెత్తి పాపిడి, 2005లో సూర్య ‘గజిని’ గుండు మీది గీతలు, ఆ రోజుల్లోనే ధోనీ జులపాలు, 2017లో ‘అర్జున్ రెడ్డి’ గడ్డం, జుట్టు, ఒకదాని వెంట ఒకటి సెలూన్ గోడల మీదికి ఎక్కాయి. ఇప్పుడు గోడ మీద పోస్టరు పోయి చేతిలో ఫోన్ వచ్చింది.

వీటన్నిటిలో ఉన్న మెలిక ఒకటే. తెర మీది జుట్టును షాటుకూ షాటుకూ మధ్య సరిచేయడానికి ఒక మనిషి దువ్వెన పట్టుకుని నిలబడి ఉంటాడు. లైటింగు, జెల్, అవసరమైతే విగ్గు కూడా ఉంటాయి. ఎలక్ట్రిక్ రైల్లో కిటికీ పక్కన నిలబడి తాంబరం దాకా వెళ్లే కుర్రాడికి అవేవీ ఉండవు. ఫోన్లో ఫోటో చూపించడం తప్పేమీ కాదు. కాకపోతే ఆ ఫోటోలో ఉన్నవాడి జుట్టు రకం తన జుట్టు రకం ఒకటేనా అన్నది ముందు చూసుకోవాలి.

తల ఏం ఒప్పుకుంటుంది

ముఖం గుండ్రమా కోలా అన్న దాని మీద పత్రికలు పేజీలు నింపుతాయి. నిజానికి క్రాపును నిలబెట్టేదీ చెడగొట్టేదీ ఎక్కువగా జుట్టు మందం, వంకీలు, సుడి, నుదుటి అంచు. ముఖాకృతి వీటి తర్వాతే. అయినా కొద్దిగా చెప్పుకోవాలంటే, గుండ్రటి ముఖానికి పక్కలు తగ్గించి పైన కాస్త ఎత్తు ఉంచితే కోలగా కనిపిస్తుంది. పొడుగు ముఖానికి ఆ ఎత్తే చేటు, పక్కల్లో కొంత జుట్టు ఉండాలి. చెవులు బయటికి వచ్చినవాడు పక్కల్ని చర్మం దాకా తీయిస్తే చూపంతా చెవుల మీదికే పోతుంది.

సుడి సంగతి ఇంకా ముఖ్యం. రెండు సుళ్లు ఉన్నవాడికి రెండు పెళ్లిళ్లని ఇంట్లో నానమ్మలు ఆట పట్టిస్తారు గానీ, సెలూన్‌లో దాని ఫలితం వేరు. సుడి దగ్గర వెంట్రుక మూలం నుంచే చుట్టూ తిరుగుతూ లేస్తుంది. అక్కడ రెండు మూడు సెంటీమీటర్లకు కత్తిరిస్తే నిక్కబొడుచుకుని నిలబడుతుంది, ఏ జెల్ రాసినా మధ్యాహ్నానికి లేస్తుంది. సుడి బలంగా ఉన్నవాడు నడినెత్తి వెనక భాగాన్ని బాగా పొట్టిగానైనా చేయించాలి, లేదా బరువుకు వంగేంత పొడవైనా ఉంచాలి. నుదుటి మీద ఒక పక్క వెంట్రుకలు ఎదురు తిరిగేవాడు పాపిడిని ఆ వైపే తీసుకోవాలి.

రింగుల జుట్టు తడిగా ఉన్నప్పుడు ఒక పొడవు, ఆరాక ఇంకో పొడవు. తడిపి కత్తిరించే మంగలి ఆరాక ఎంత ముడుచుకుంటుందో అంచనా వేయకపోతే కుర్రాడు అనుకున్నదాంట్లో సగంతో బయటికొస్తాడు. అందుకే ఇలాంటి జుట్టున్నవాడు మొదటిసారి కొత్త చోటికి వెళ్లినప్పుడు, అనుకున్నదానికంటే తక్కువే తీయమని చెప్పడం మంచిది. కావాలంటే ఇంకోసారి తీయొచ్చు, తీసింది అతికించలేరు. పల్చటి జుట్టు ఉన్నవాడు పొడవు పెంచితే ఇంకా పల్చగా కనిపిస్తుంది, పొట్టిగా ఉంచితే ఒత్తుగా అనిపిస్తుంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకే నుదుటి మూలలు వెనక్కి జరగడం కొందరిలో వంశపారంపర్యంగా మొదలవుతుంది. దాన్ని ముంగురులతో కప్పాలని చూసే బదులు ముందు చర్మ వైద్యుడికి చూపించడం ఖర్చులోనూ కలిసొస్తుంది. ఆ వయసులో మొదలుపెట్టిన చికిత్సకు ఫలితం ఎక్కువ.

చెన్నై గాలి, చెన్నై నీళ్లు

ఇంజినీరింగ్ క్లాసులు జూలై, ఆగస్టుల్లో మొదలయ్యేసరికి కత్తిరి ఎండలు పోయి ఉంటాయి గానీ ఉక్కపోత పోదు. సముద్రపు తేమలో జెల్ పూర్తిగా ఆరదు. చెమటకు కరిగి నుదుటి మీదికి కారుతుంది, ఆరిన చోట తెల్లటి పొట్టులా రాలుతుంది. తీరా చూస్తే అది చుండ్రులా కనిపిస్తుంది. మెరుపు లేని హెయిర్ క్లే గానీ వాక్స్ గానీ బఠాణీ గింజంత రాస్తే ఇక్కడి గాలిలో కాస్త నయం. అసలు ఏమీ రాయకుండా చేత్తో సర్దితే కుదిరే క్రాపు ఇంకా నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. అప్పుడు గంటసేపు దువ్వి నిలబెట్టిన జుట్టుకు బస్టాపు దాకా కూడా ఆయుష్షు ఉండదు.

శివారు హాస్టళ్లలో బోరు నీళ్లే ఎక్కువ. ఉప్పు, సున్నం ఉన్న నీళ్లలో షాంపూ సరిగా నురగ రాదు, జుట్టు గరుకెక్కి గడ్డిలా నిలబడుతుంది. చెన్నై ఇళ్లలో తాగడానికి కొనే 20 లీటర్ల క్యాన్ నీళ్లు చివర్లో ఒక మగ్గు పోసుకుంటే తేడా తెలుస్తుంది. హాస్టల్‌కు వచ్చిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తోందని కుర్రాళ్లు నీళ్లను తిట్టుకుంటారు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకు మించి రాలితే, రెండు మూడు నెలల క్రితం వచ్చిన జ్వరం, తిండి మార్పు, నిద్రలేమి కారణం కావచ్చు. ఒంటికి తగిలిన దెబ్బ జుట్టు మీద అంత ఆలస్యంగా బయటపడుతుంది. కారణం తొలగాక చాలామందిలో తిరిగి వస్తుంది. చెమట పట్టే ఊళ్లో రోజు మార్చి రోజు తలస్నానం చేసినా నష్టం లేదు. ఆ ఖర్చు కూడా పెద్దదేం కాదు. షాంపూను సాచెట్‌లో పోసి రూపాయి, అర్ధరూపాయిల మనిషి దగ్గరికి తెచ్చిన చిక్ షాంపూ కడలూరు నుంచి వచ్చి చెన్నైలో ఎదిగిన సంస్థదే.

బండి మీద వెళ్లేవాడికి హెల్మెట్ తప్పదు, వెనక కూర్చున్నవాడికి కూడా. పైకి దువ్వి నిలబెట్టే క్విఫ్, పఫ్ లాంటివి హెల్మెట్ కింద పది నిమిషాల్లో చదునవుతాయి. రోజూ బండి నడిపేవాడు మూడు నాలుగు సెంటీమీటర్ల పైజుట్టుతో సరిపెట్టుకుంటే హెల్మెట్ తీశాక వేళ్లతో ఒకసారి కదిపి క్లాసులోకి పోవచ్చు.

కళాశాలను బట్టి కూడా లెక్క మారుతుంది. నగరంలోని ఆర్ట్స్ కళాశాలల్లో తల ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. శివారు ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో కొన్ని మాత్రం నున్నటి గడ్డం, చెవులు, కాలరు తాకని జుట్టు అడుగుతాయి. గేటు దగ్గరే వెనక్కి పంపినవాడికి కొత్త స్టైల్ ఖర్చుతో పాటు అది తీసేయించే ఖర్చు కూడా పడుతుంది. కాబట్టి చేరేటప్పుడు ఇచ్చే నియమావళిని క్రాపు చేయించుకునే ముందే చదవడం మంచిది. ఎన్‌సీసీలో చేరేవాడికి పొట్టి క్రాపు తప్పదు. సీనియర్లు జీరో కటింగ్ చేయించుకు రమ్మంటే ఆ సంగతి వేరు, అది ర్యాగింగ్. తమిళనాడులో దాని మీద 1997 నుంచే చట్టం ఉంది. ఫిర్యాదుకు దేశవ్యాప్త ఉచిత నంబరు 1800-180-5522.

ఏ క్రాపు ఎవరికి

చేతిలో డబ్బు తక్కువ, తల మీద జుట్టు ఒత్తు, కళాశాల సంగతి ఇంకా తెలియదు అన్నవాడికి పక్క పాపిడి టేపరే సరైనది. పైన ఆరేడు సెంటీమీటర్లు ఉంచి, పక్కలు మెషీన్ గార్డు నాలుగో నంబరు నుంచి కిందికి రెండో నంబరు దాకా మెల్లగా తగ్గిస్తారు. మెడ వెనక గీత గీసినట్టు కాకుండా పల్చబరుస్తారు. గీసిన గీత వారానికే మాసిపోయి మెడంతా చిందరవందరగా ఉంటుంది, పల్చబరిచింది మాత్రం పెరిగినా పెరిగినట్టు తెలియదు. ఐదారు వారాలు నెట్టుకు రావచ్చు. నాన్న క్రాపులా ఉందని మొదట్లో మొహం మాడ్చుకునే కుర్రాళ్లు ఉంటారు గానీ, గుర్తింపు కార్డు మీది ఫోటో నాలుగేళ్లు మెడలో వేలాడుతుంది. అప్పుడు ఆ క్రాపు విలువ తెలుస్తుంది.

నుదురు విశాలం, జుట్టు సన్నం, బండి మీద రాకపోకలు ఉన్నవాడికి టెక్స్చర్డ్ క్రాప్ బాగుంటుంది. పైన మూడు నాలుగు సెంటీమీటర్లు, ముందు పొట్టి ముంగురులు, కత్తెర మొనతో పొడిచినట్టు కత్తిరించడం వల్ల జుట్టు ఒత్తుగా అనిపిస్తుంది. ఇది చేయడం తెలియని చేతిలో పడితే చిన్నప్పటి డిప్ప కటింగ్ తిరిగి వస్తుంది, అందుకే ఆ మంగలి చేసిన ఇంకో తలను చూశాకే కూర్చోవాలి.

ఖర్చు పూర్తిగా పోగొట్టుకోవాలంటే బజ్ కట్. తల అంతా ఒకే నంబరుతో, మూడు గానీ నాలుగు గానీ పెట్టి తీయడమే. గార్డులు తగిలించే ట్రిమ్మర్ వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంది. గదిలో ముగ్గురు కలిసి కొంటే రెండు మూడు కటింగ్‌ల ఖర్చుతో ఏడాది గడుస్తుంది. చిన్నప్పుడు పడ్డ దెబ్బల మచ్చలు రెండో నంబరుకు కనిపిస్తాయి, నాలుగుకు చాలావరకు దాగుతాయి. రింగుల జుట్టువాడు పైన ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు ఉంచి, పక్కలు తగ్గించి, ఆరాక దువ్వెన ముట్టకుండా వేళ్లతో వదిలేస్తే చాలు. అందరూ డబ్బు పోసి తెచ్చుకునే ఆకారం అతనికి పుట్టుకతోనే ఉంది. నడినెత్తి పాపిడి, వెనక పొడవుగా వదిలే మల్లెట్ లాంటి పొడవాటి స్టైళ్లకు కటింగ్ ఖర్చు తక్కువే. కానీ పన్నెండు సెంటీమీటర్లు రావడానికి ఏడాది కావాలి, మధ్యలో ఎటూ కాని నెలలు నాలుగైదు భరించాలి, అప్పటికి చెన్నై వేసవి వచ్చేస్తుంది.

రంగు, స్ట్రెయిటెనింగ్ చౌక పద్దులోకి రావు. నల్లటి జుట్టుకు గోధుమ, ఎరుపు రంగులు స్పష్టంగా రావాలంటే ముందు బ్లీచ్ చేసి సహజ వర్ణం పోగొట్టాలి, అందులో వెంట్రుక బలం కూడా పోతుంది. మూడు వారాలకే మూలాల్లో నలుపు కనిపిస్తుంది, మళ్లీ డబ్బు. ముదురు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కొందరికి పడక ముఖం, కళ్లు వాచిపోతాయి. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడకుండా తలంతా పట్టించకూడదు.

కుర్చీలో చెప్పాల్సిన మాటలు

“మీడియంగా” అన్న మాటకు ఒక్కో మంగలికీ ఒక్కో అర్థం. నంబర్లకు ఆ గొడవ లేదు. మెషీన్‌కు తగిలించే గార్డు ఒకటో నంబరైతే మూడు మిల్లీమీటర్లు, రెండు ఆరు, మూడు పది, నాలుగు పదమూడు. నుంగంబాక్కంలో తమిళ అణ్ణన్ ఉన్నా, ఓఎంఆర్‌లో ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాడు ఉన్నా ఈ అంకెలు అర్థమవుతాయి. తమిళం కావాలంటే “అణ్ణా, సైడ్ల కమ్మి పణ్ణుంగ, మేల రొంబ వెట్టాదీంగ” అంటే పక్కలు తగ్గించండి, పైన ఎక్కువ తీయకండి అని చెప్పినట్టు. పైన ఎంత తీయాలో వేలి కొలతతో చూపించాలి. చెంపలు ఎక్కడిదాకా దించాలో ముందే చెప్పకపోతే వాళ్ల లెక్కలో కోసేస్తారు.

చాలా సెలూన్లకు మంగళవారం సెలవు. ఆదివారం పొద్దున కిటకిట. శుక్రవారం, అమావాస్య క్షవరం వద్దనుకునే ఇళ్లు రెండు భాషల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం వెళ్తే మంగలికి తొందర ఉండదు, అదే డబ్బుకు పని బాగా కుదురుతుంది. క్లాసులు మొదలయ్యే ముందు రోజు కాకుండా వారం పది రోజుల ముందు చేయించుకుంటే అంచులు సర్దుకుంటాయి, తేడా వస్తే దిద్దించుకునే వ్యవధీ ఉంటుంది.

చౌక దుకాణమైనా శుభ్రం విషయంలో రాజీ పడక్కర్లేదు. కళ్ల ముందు కొత్త బ్లేడు విప్పమని అడగాలి. పాత బ్లేడు గాటుతో హెపటైటిస్ బి, సి వైరస్‌లు అంటుకునే ప్రమాదం ఉంది. చర్మాన్ని రాసుకుంటూ పోయే మెషీన్‌ను స్పిరిట్‌తో తుడవకపోతే తామర ఒకరి తల నుంచి ఇంకొకరికి ఎక్కుతుంది. వారం తర్వాత గుండ్రటి పొట్టు మచ్చ కనిపిస్తే మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు రాయకూడదు, మచ్చ ఇంకా పాకుతుంది.

సీటు వస్తే తలనీలాలు ఇస్తామని మొక్కుకుని, తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుని చెన్నై రైలెక్కే తెలుగు కుర్రాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అక్కడ క్షవరానికి రుసుము లేదు కాబట్టి అన్నిటికంటే చౌక క్రాపు అదే. జూన్ చివర గుండైతే రెండు నెలలు ఏమీ చేయించనక్కర్లేదు, అది తనంతట తానే బజ్ కట్. సెప్టెంబరు చివర పక్కలు పైజుట్టుతో సమానంగా పెరిగి తల బంతిలా ఉబ్బుతుంది. అప్పుడు పైన ముట్టుకోకుండా పక్కలు, మెడ మాత్రమే మూడో నంబరుతో తీయించాలి. అక్టోబరు, నవంబరుల్లో అదే పని రెండోసారి. నవంబరు చివరికి పైన దాదాపు ఐదు సెంటీమీటర్లకు చేరి క్రాప్ ఆకారానికి సరిపోతుంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి బయలుదేరే వేళకు పక్క పాపిడి తీసుకునేంత జుట్టు ఉంటుంది.